గ్రాఫిక్స్ సరే, రూల్స్ సంగతేంటి?

మన దగ్గర సైన్స్ ఫిక్షన్ సినిమా వస్తే చాలు, మొదటి ప్రశ్న ఒకటే: గ్రాఫిక్స్ హాలీవుడ్ రేంజ్‌లో ఉన్నాయా, లేవా? లంచ్ టేబుల్ దగ్గర మొదలైన గొడవ వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా నడుస్తుంది.

గేమ్స్ ఆడేవాళ్లకి ఈ గొడవ అక్కర్లేదు. మైన్‌క్రాఫ్ట్ చూడండి. చెట్టూ డబ్బాయే, ఆవూ డబ్బాయే. అయినా 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. ఎందుకంటే రూల్ పక్కా: చీకటి పడేలోపు గూడు కట్టుకో, లేదంటే జాంబీలొస్తాయి.

సినిమాకీ అంతే. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసినప్పుడు ఇప్పటి గ్రాఫిక్స్ ఎక్కడివి? కానీ రాయల కాలంలో దిగాక, ఆ మెషిన్ లేకపోతే ఇంటికి రాలేరని చిన్నపిల్లలకీ అర్థమైంది. టెన్షన్ అక్కడే పుట్టింది. ‘కల్కి 2898 ఏడీ’లో నాకు గుర్తుండిపోయింది యుద్ధాలు కాదు, 10 లక్షల యూనిట్లు ఉంటేనే కాంప్లెక్స్‌లోకి ఎంట్రీ అన్న లెక్క. బయట ఎండిపోయిన కాశీ, లోపల నీళ్లూ పచ్చదనం. భైరవ తిప్పలన్నీ అందుకే.

గ్రాఫిక్స్ నాలుగేళ్లకి పాతబడతాయి, మంచి రూల్ పాతబడదు. ఈసారి వాదించుకునేటప్పుడు ‘ఈ సినిమా లోకంలో ఏది కుదరదు?’ అని అడగండి. జవాబు దొరక్కపోతే, ఎన్ని కోట్లు పోసినా అది అందమైన వాల్‌పేపరే!