పిల్ల లావైతే కంచమే దొరికిందా మనకి?

పోయిన మాఘమాసంలో మా వారి వైపు ఒక పెళ్ళికి వెళ్ళాం. మా అమ్మాయి పట్టు లంగా, ఓణీ వేసుకుని ముచ్చటగా తయారైంది. ఇంకా చెప్పులు విప్పనే లేదు, మా అత్తగారి చెల్లెలు అందుకున్నారు. "ఏమే అమ్మడూ, ఇలా ఊరిపోయావేంటే! ఇప్పుడే ఇలా ఉంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎలాగే?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ నవ్వాను. "మీరైనా చెప్పండి చిన్నత్తయ్యగారూ, నా మాట వింటేగా" అని కూడా అన్నాను.

పదిహేడేళ్ళ పిల్ల. మర్నాటి నుంచి రాత్రి అన్నం మానేసింది. నేను సంతోషించాను. ఇంకో అడుగు ముందుకేసి పొద్దున టిఫిన్ బదులు నిమ్మకాయ, తేనె కలిపిన నీళ్ళు ఇచ్చాను. మధ్యాహ్నం బాక్సులో అన్నం తీసేసి రెండు పుల్కాలు పెట్టాను. మూడు వారాలు తిరిగేసరికి కాలేజీ నుంచి ఫోను. పిల్ల మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. అది మూడు వారాల్లో తగ్గింది కాదు, ఎప్పటినుంచో తక్కువే ఉండి ఉంటుందట. అలాంటి పిల్లని నేను పస్తులుంచాను. "తిండి మానేయమని ఎవరు చెప్పారమ్మా?" అని ఆవిడ అడిగితే తలెత్తలేకపోయాను.

ఇది నా ఒక్కదాని ఇంటి సంగతి అయితే రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. అంటే పదిమందిలో ఆరుగురు. ఒళ్ళు చేసినంత మాత్రాన రక్తం ఉన్నట్టు కాదు. మనం చూసేది నడుము, చూడాల్సింది కనురెప్ప కింద ఎరుపు.

ఇంకో మాట. మా అబ్బాయి పదో తరగతి. వాడూ బొద్దుగానే ఉంటాడు. అదే పెళ్ళిలో అదే చిన్నత్తయ్యగారు వాడి బుగ్గ గిల్లి "పుష్టిగా ఉన్నాడు నా తండ్రి" అని ఇంకో రెండు బూరెలు వేయించారు. కూతురికి లావు, కొడుక్కి పుష్టి! షుగరు వ్యాధికి ఈ తేడా తెలుసా? ఆరోగ్యం మీద బెంగ అయితే ఇద్దరి మీదా ఉండాలిగా. ఒక్కదాని మీదే ఉందంటే అది ఆరోగ్యం మీద బెంగ కాదు, పెళ్ళి చూపుల మీద బెంగ.

"అయితే పిల్ల లావవుతుంటే చూస్తూ ఊరుకోవాలా?" అని మీరు అడుగుతారు. ఊరుకోకూడదు. అధిక బరువు నిజంగానే ముప్పే. కానీ మార్చాల్సింది పిల్ల కంచాన్ని కాదు, ఇంటి వంటగదిని. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది: ఈ వయసు పిల్లలచేత డైటింగులు, పస్తులు చేయించొద్దు, బరువు గురించి మాటలొద్దు, ఇంటిల్లిపాదీ కలిసి మంచి తిండి తినండి అని. పైగా ఇంకా ఎత్తు పెరిగే పిల్లలకి చాలాసార్లు బరువు తగ్గించక్కర్లేదు, పెరగకుండా ఆగితే చాలు.

పాపం, అన్నాన్ని విలన్ని చేసేశాం. మన కంచంలో తప్పు అన్నం ఉండడం కాదు, కొండంత అన్నానికి గరిటెడు కూర ఉండడం. దాన్ని తిరగేయండి. కూర, ఆకుకూర పప్పు సగం కంచం. గుడ్డో, శెనగలో ఏదో ఒకటి. అన్నం ఓ కప్పు. పక్కన గ్లాసు మజ్జిగ. తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము సరిగ్గా అందదు. సాయంత్రం ఆకలితో వచ్చిన పిల్లకి చిప్స్ ప్యాకెట్ బదులు గుగ్గిళ్ళు, జామకాయ, పల్లీ ఉండ కనిపించాలి. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరేడు చెంచాలు. పిల్లని తాగొద్దని తిట్టి, నాన్నకోసం ఫ్రిజ్‌లో రెండు లీటర్ల సీసా పెడితే ఎవరు వింటారు?

ఇక వ్యాయామం. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా అమ్మాయి పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగేది. కాలేజీ అంటే ఐదంతస్తుల బిల్డింగు, ఆటస్థలం లేదు. ఫీజు కట్టేటప్పుడు ర్యాంకులు అడిగాం గానీ గ్రౌండు ఏదని ఒక్కరమైనా అడిగామా? పెద్దమనిషి కాగానే "ఇంక వీధిలో గెంతులేంటి" అని సైకిలు తాళం వేసిందీ మనమే. రోజంతా కుర్చీలో కూర్చోబెట్టి, రాత్రి పన్నెండు దాకా చదివించి, నిద్ర కూడా లేకుండా చేసి, చివరికి "లావైపోయావు" అంటాం!

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనమయ్యాక అందరం డాబా మీద అరగంట నడుస్తాం. ఆదివారం అక్కా తమ్ముడూ షటిల్ ఆడతారు. సైకిలు తాళం తీశాను. బరువు చూసే మిషను అటక ఎక్కింది. నెలసరి తప్పినా, బరువు అకారణంగా పెరుగుతున్నా డాక్టరు దగ్గరికే వెళ్తాం. వాట్సాప్‌లో "నెలకి పది కిలోలు" అనే పొడుల దగ్గరికి మాత్రం కాదు.

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటంలో మళ్ళీ చిన్నత్తయ్యగారు మొదలుపెట్టారు. ఈసారి నేను నవ్వలేదు. "అది కూర, పప్పు బాగా తింటోంది, రక్తం పదకొండున్నరకి వచ్చింది చిన్నత్తయ్యగారూ, నాకు అది చాలు" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. రానివ్వండి. పక్కనే ఉన్న నా కూతురు, ఏడు నెలల తర్వాత, నలుగురి ముందూ పులిహోర రెండోసారి పెట్టించుకుంది.

మీ ఇంట్లో పిల్లని ఇలా ఎవరైనా అంటే మీరు నవ్వారా, నోరు విప్పారా? ఒకసారి గుర్తు చేసుకోండి.