ఉత్తుత్తి యుద్ధంలో ఓడిపోనివ్వాలి

నిజమైన తూటా పేల్చే ముందు తెర మీద గురి నేర్పే పద్ధతి మన సైన్యంలోకి వచ్చింది. ట్యాంకు నడపడం కూడా సిమ్యులేటర్ అనే యంత్రం మీద నేర్పుతున్నారు. అలాంటి యంత్రాలు రూపొందించడానికి సికింద్రాబాద్‌లో సైన్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. తూటాల ఖర్చు, డీజిలు మిగులుతాయి. కుర్రవాళ్లు దెబ్బలు తగలకుండా నేర్చుకుంటారు. నాలుగేళ్ల కొలువుకు వెళ్లే అగ్నివీరులకు శిక్షణ కాలం తక్కువ గనుక ఇది మరీ అవసరం. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా పెద్ద అధికారులు ఆడే ఆటతోనే. దండయాత్రకు ముందు పటం పరిచి, రెండు పక్షాలుగా విడిపోయి, అంపైర్లను పెట్టుకుని తమ పథకం నెగ్గుతుందో లేదో చూసుకుంటారు. నెగ్గకపోతే ఏం చేస్తారన్నదే ప్రశ్న.

1942 మే నెలలో జపాన్ నౌకాదళం మిడ్వే దీవిపై దాడికి ముందు యమాటో నౌకలో ఇలాగే ఆడి చూసింది. అమెరికా బాంబులు ఎన్ని తగిలాయో తేల్చడానికి పాచిక వేస్తే తొమ్మిది తగిలినట్టు, అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగినట్టు వచ్చింది. ఆట నడుపుతున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడు చేశాడు. అకాగి బతికిపోయింది. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటలో తేలింది! జూన్‌లో అసలు యుద్ధం వచ్చింది. ఆ రెండూ, వాటితోపాటు మరో రెండూ సముద్రం పాలయ్యాయి.

అరవై ఏళ్ల తర్వాత, 2002లో, అమెరికా 25 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి పెద్ద ఉత్తుత్తి యుద్ధం నడిపింది. శత్రుపక్షం నాయకుడిగా పాల్ వాన్ రైపర్ అనే రిటైర్డ్ జనరల్‌ను పెట్టారు. రేడియోలో మాట్లాడితే వింటారని ఆయన మోటారు సైకిళ్ల మీద కబుర్లు పంపాడు. క్షిపణులతో, చిన్న పడవలతో 16 నౌకలను ముంచేశాడు. పెద్దలు ఆ నౌకలను తేల్చి ఆట మళ్లీ మొదలుపెట్టారు. ఆయన చేతులు కట్టేశారు. విసిగి తప్పుకున్నాడు. అరుగు మీద పులిజూదం ఆడే పిల్లలైనా చచ్చిన మేకను మళ్లీ పెట్టనిస్తారా?

పశ్చిమ గోదావరిలోని మాధవరం వంటి ఊళ్లు తరతరాలుగా బిడ్డలను సైన్యానికి పంపుతున్నాయి. ఆ పటం మీద కదిపే బొమ్మలు మన పిల్లలే. రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. పథకం వేసిన అధికారి కింద పనిచేసేవాడు అంపైరుగా ఉండకూడదు. శత్రుపక్షం ఆడి గెలిచిన వాడికి పై నుంచి చీవాట్లు పడకూడదు. ఈ రెండింటికీ మన దగ్గర ఏం కట్టుబాటు ఉందో రక్షణ శాఖ స్థాయీ సంఘంలో మన పార్లమెంటు సభ్యులు అడిగి తెలుసుకోవాలి.