విద్యార్థుల మానసిక క్షేమ కార్యకర్తలకు గ్రాంటు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,
సచివాలయం, వెలగపూడి.

విషయం: పాఠశాలలు, జూనియర్ కళాశాలలు, వసతిగృహాల్లో విద్యార్థులకు మానసికంగా అండగా నిలిచే వైద్యేతర కార్యకర్తలను తయారుచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు మంజూరు చేయడం గురించి.

ఆర్యా,

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని 2023 జూలైలో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీచేసింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ కనీసం ఒకరిని నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో రిఫరల్ ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదిలో రెండుసార్లయినా శిక్షణ ఇప్పించాలి. తగిన చట్టం వచ్చేవరకు ఈ మార్గదర్శకాలే అమల్లో ఉంటాయి. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో వచ్చిన తీర్పు ఇది. దీన్ని ముందుగా అమలుచేసి చూపవలసిన బాధ్యత కూడా మన రాష్ట్రానిదేనని మా అభిప్రాయం.

ఇది కొత్తగా మోపిన భారం కాదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 29వ సెక్షన్ ఆత్మహత్యల నివారణ కార్యక్రమాలను ప్రభుత్వాల విధిగా పేర్కొంది. జనాభాకు తగినంత మంది మానసిక ఆరోగ్య నిపుణులు ఉండేలా పదేళ్లలోగా కృషి చేయాలని 31వ సెక్షన్ చెప్పింది. ఆ గడువు 2028 మేతో ముగుస్తుంది. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. మానసిక వైద్యుల సంఖ్య రెండు మూడేళ్లలో పెరిగేది కాదు. పిల్లలు మాత్రం ఈ ఏడాది పరీక్షలు ఈ ఏడాదే రాస్తారు.

మేము చెబుతున్న కార్యకర్త చేసే పని ఏమిటో వివరించవలసి ఉంది. సాయంత్రం స్టడీ అవర్ మొదలవడానికి ముందే ఆమె హాస్టల్ వరండాలో ఉంటుంది. మెస్సులో కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయిన అమ్మాయిని గమనిస్తుంది. వారాంతపు పరీక్ష ర్యాంకులు గోడకు అంటించిన రోజున గది దాటి బయటికి రానిది ఎవరో చూస్తుంది. పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా వింటుంది. పరిస్థితి తన పరిధి దాటిందనిపిస్తే వార్డెన్‌కు తెలియజేసి, టెలిమానస్ సహాయవాణి 14416కు ఫోను కలిపి, జిల్లా ఆసుపత్రిలో వైద్యుణ్ణి కలిసేవరకు ఆ పిల్ల వెంటే ఉంటుంది. రోగ నిర్ధారణ చేయదు, మందుల జోలికి పోదు. వైద్యుడి స్థానాన్ని ఆమె కోరడం లేదు. పిల్లలకూ వైద్యుడికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గిస్తోంది.

ఈ పద్ధతి ఫలితమిస్తుందనడానికి మన దేశంలోనే ఆధారముంది. బిహార్‌లోని నలందా జిల్లాలో ‘సెహర్’ పేరిట 74 ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లు ఈ కార్యక్రమాన్ని నడిపిన బడుల్లో వాతావరణం మెరుగుపడింది. పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు, ఒకరినొకరు వేధించుకోవడం తగ్గాయి. ఇదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో అలాంటి ఫలితం కనిపించలేదు. ఇందులో ఉపాధ్యాయులను తప్పుపట్టవలసింది ఏమీ లేదు. పాఠాలు, పరీక్షలు, రికార్డుల మధ్య ఈ బాధ్యతను కూడా వారిపై పెట్టడం సరికాదు. దీనికంటూ ప్రత్యేకంగా ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

మా ఇబ్బంది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. మాకు అందే నిధుల్లో సభలకు, కరపత్రాలకు, ఫ్లెక్సీలకు పద్దు ఉంటుంది. జీతాన్ని మాత్రం పరిపాలన ఖర్చుగా లెక్కగట్టి కోత వేస్తారు. ఏడాదికే మంజూరైన నిధి ఆలస్యంగా వచ్చి మార్చితో ముగుస్తుంది. పిల్లలకు నమ్మకం కుదిరే వేళకు కార్యకర్త వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది. దీనికితోడు, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ వల్ల ఒక సంస్థ విదేశీ విరాళాలను మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. నగరాల్లోని పెద్ద సంస్థల ద్వారా మండలాల్లోని చిన్న సంస్థలకు సాయం చేరే దారి అలా మూసుకుపోయింది. అది కేంద్ర చట్టం. దాన్ని మార్చమని మేము మిమ్మల్ని అడగడం లేదు. రాష్ట్రం చేతిలో ఉన్నవే అడుగుతున్నాం.

1. రాష్ట్ర బడ్జెట్‌లో ఈ పనికి ప్రత్యేక పద్దు తెరిచి, మూడేళ్లకు తగ్గకుండా గ్రాంటు ఇవ్వాలి. ఇంటర్‌లో చేరిన విద్యార్థి బయటికి వెళ్లడానికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ అదే మనిషి కనిపించాలి.

2. కార్యకర్త జీతాన్ని, ఆమె పనిని పర్యవేక్షించే సైకాలజిస్టు రుసుమును కార్యక్రమ వ్యయంగానే గుర్తించాలి, పరిపాలన ఖర్చుగా కాదు. మా కోరికల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇతరుల దుఃఖాన్ని రోజూ వినే మనిషికి వారానికోసారైనా అనుభవజ్ఞుల ముందు కూర్చుని, తాను విన్నదాన్ని, తాను చేసినదాన్ని చెప్పుకునే వీలుండాలి. ఆ వీలు లేనిచోట కార్యకర్తా అలిసిపోతుంది, పొరపాట్లూ జరుగుతాయి. పర్యవేక్షణకు డబ్బివ్వని గ్రాంటు పిల్లల భద్రతకు హామీ ఇవ్వలేదు.

3. నిధులను మూడు నెలలకోసారి ముందస్తుగా విడుదల చేయాలి. వినియోగ ధ్రువపత్రం, ఆడిట్, ఆకస్మిక తనిఖీ అన్నిటికీ మేము సిద్ధం.

4. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల నిపుణుల సలహాతో శిక్షణకు ఒకే ప్రమాణాన్ని, ధ్రువీకరణను ఏర్పాటు చేయాలి. పిల్లల మధ్య పనిచేసే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి చేయాలి. కార్యకర్త ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆ ప్రమాణంలోనే రాసి ఉండాలి. ఈ నియమాలు మాకూ అవసరమే.

5. ఏజెన్సీ ప్రాంతాలకు, వందమందిలోపు విద్యార్థులున్న బడులకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. పాడేరు కొండల్లో పిల్లలతో వారి ఇంటి భాషలో మాట్లాడగలిగేది అక్కడి యువతే. డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో వారిని పక్కనపెట్టకుండా అర్హతలు నిర్ణయించాలి.

6. ఎన్ని ర్యాలీలు తీశాం, ఎన్ని ఫొటోలు పంపాం అన్నదాన్ని బట్టి మా పనిని కొలవవద్దు. ఎంతమంది పిల్లలతో వరుసగా మాట్లాడారు, రిఫర్ చేసినవారిలో ఎంతమంది వైద్యుణ్ణి చేరుకున్నారు, కార్యకర్తల్లో ఎందరు రెండో ఏడాదీ కొనసాగారు అన్నది అడగండి. పిల్లల పేర్లు మాత్రం ఏ నివేదికలోనూ అడగవద్దు.

వైద్య ఆరోగ్య, పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖల అధికారులతో మమ్మల్ని ఒక సమావేశానికి పిలవవలసిందిగా కోరుతున్నాం. ఒక్కో కార్యకర్తకు అయ్యే ఖర్చు వివరాలు, శిక్షణ ప్రణాళిక, పర్యవేక్షణ విధానం ఆ రోజు మీ ముందుంచుతాం. అంగీకరించగల అంశాలేవో, అంగీకరించలేనివేవో కారణాలతో సహా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యేలోగా ఆ జవాబు అందితే, కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేనాటికి కార్యకర్తలను సిద్ధం చేయగలుగుతాం.

ఇట్లు,
విద్యార్థుల మానసిక క్షేమ రంగంలో పనిచేస్తున్న
స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు