432 కోట్లలో తొమ్మిది ఎక్కడిది?

బ్రహ్మకు ఒక పగలంటే 432 కోట్ల ఏళ్లు. మహాయుగం 43,20,000 ఏళ్లు, కలియుగం 4,32,000. వీటిలో దేని అంకెలు కూడినా తొమ్మిదే వస్తుందనీ, కాబట్టి ఇది మానవమాత్రులు వేసిన లెక్క కాదనీ సంఖ్యాశాస్త్రం చెప్పేవాళ్లు అంటుంటారు. లెక్కల్లో డిగ్రీలున్నవాళ్లు కూడా ఆ మాటకు తలూపడం నాకు బాధ కలిగిస్తుంది.

పదిని, వందను, వెయ్యిని తొమ్మిదితో భాగిస్తే మిగిలేది ఒకటే. అందువల్ల తొమ్మిదితో నిశ్శేషంగా పోయే ఏ సంఖ్య అంకెలు కూడుతూ పోయినా చివరికి తొమ్మిదే తేలుతుంది. మీ ఫోన్ నంబరు రాయండి. అంకెల్ని తారుమారు చేసి ఇంకో సంఖ్య చేయండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, మిగిలినదాని అంకెలు ఒక్క అంకె తేలేదాకా కూడుతూ పోండి. అక్కడా తొమ్మిదే. ఇది మనం పదుల్లో లెక్కపెట్టడం వల్ల వచ్చిన గుణం. పదులకు బదులు ఎనిమిదుల్లో లెక్కపెట్టే అలవాటుంటే 432 కోట్లను 40137374000 అని రాసేవాళ్లం. ఆ అంకెల మొత్తం 29. కాలం అంతే, రాత మారింది.

ఈ సంఖ్యలో 2, 3, 5 తప్ప మరో ప్రధానాంకం లేదు. పదకొండు రెళ్లు, మూడు మూళ్లు, ఏడు అయిదులు గుణిస్తే 432 కోట్లు. రకరకాల భాగాలుగా సులువుగా తెగుతుంది. లెక్క వేసేవాళ్లు తమ సౌకర్యం చూసుకుని ఎంచుకున్న సంఖ్యలాగే నాకు కనిపిస్తుంది.

ఆకాశాన్ని చూసి తేల్చిన సంఖ్యలు ఇంత నున్నగా ఉండవు. ఆర్యభటుడు ఒక మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 సార్లు తిరుగుతాడన్నాడు, రోజులు 157,79,17,500 అన్నాడు. మొదటిదాని అంకెలు కూడితే 39, రెండోదానివి 42. తొమ్మిది ఊసే లేదు. కానీ రోజుల్ని చంద్రుడి చుట్లతో భాగించి చూడండి, 27.32167 రోజులు వస్తుంది. నక్షత్రాల మధ్య చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి నేటి ఖగోళశాస్త్రం చెప్పే కాలం 27.32166. పదిహేను వందల ఏళ్ల కిందటి లెక్క ఇది! అదే రోజుల్ని 43,20,000తో భాగిస్తే సంవత్సరం వస్తుంది, అది మాత్రం నేటి నక్షత్ర సంవత్సరం కంటే మూడు నిమిషాలకు పైగా ఎక్కువ తేలుతుంది.

యుగాల పంపకం మీద కూడా ఆనాడే వాదన నడిచింది. నాలుగు యుగాలు 4:3:2:1 పాళ్లలో ఉంటాయన్న స్మృతుల మాటను ఆర్యభటుడు పాటించలేదు. నాలుగింటికీ సమానంగా 10,80,000 ఏళ్లు ఇచ్చాడు. ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు అందుకు తప్పుపట్టాడు. ఇద్దరూ గణితజ్ఞులే, ఇద్దరివీ మనుషులు వేసిన లెక్కలే.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో యుగాల లెక్క చదివేవారు అక్కడ కూర్చున్న పిల్లల చేత ఆర్యభటుడి రోజుల్ని చంద్రుడి చుట్లతో భాగించే లెక్క ఒక్కసారి చేయించాలని నా కోరిక.