హాలిబర్టన్ లేడు.. పేసర్స్‌లో బాల్ ఎవరి చేతికి?

ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో గేమ్, 2025 జూన్ 22. మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీపాయింటర్లు కొట్టిన ఇండియానా పేసర్స్ పాయింట్ గార్డ్ టైరీస్ హాలిబర్టన్ ఒక్కసారిగా కుప్పకూలాడు. కుడి కాలి అకిలెస్ టెండన్ తెగింది. టైటిల్ ఓక్లహామా సిటీ థండర్‌కి పోయింది. 2025-26 సీజన్ మొత్తం అతను ఆడడని టీమ్ కూడా తేల్చేసింది.

మరి స్టార్టింగ్ ఫైవ్‌లో ఆ ప్లేస్ ఎవరిది?

ఫ్యాన్స్ నోట వచ్చే మొదటి పేరు టీజే మెక్‌కానెల్. అదే ఏడో గేమ్‌లో 16 పాయింట్లు కొట్టాడు మరి. కానీ అతని ఆటంతా స్పీడే. బెంచ్ నుంచి వచ్చి, అప్పటికే అలసిపోయిన వాళ్లను పరుగులు పెట్టించడమే అతని బలం. మొదటి నిమిషం నుంచే దింపితే ఆ అడ్వాంటేజ్ పోయినట్టే. పైగా 2025లో అతని వయసు 33.

అందుకే కోచ్ రిక్ కార్లైల్‌కి ఆండ్రూ నెంబార్డే సేఫ్ ఆప్షన్. చిక్కల్లా ఒక్కటే.. ప్రత్యర్థి స్టార్‌ను కాపలా కాసేదీ అతనే. ఇప్పుడు బాల్ మోయడం కూడా అతని పనే. రెండూ చేస్తే నాలుగో క్వార్టర్‌కి కాళ్లలో ఏం మిగులుతుంది?

2025-26 సీజన్ మొదట్లో ఖాళీ అయిన గార్డ్ ప్లేస్‌లోకి బెనెడిక్ట్ మాథురిన్ వచ్చాడు. స్కోర్ చేస్తాడు సరే, గేమ్‌కి 9.2 అసిస్టులిచ్చిన హాలిబర్టన్‌లా పాస్‌లు ఇవ్వలేడు. సెంటర్ మైల్స్ టర్నర్ కూడా మిల్వాకీకి వెళ్లిపోయాడు.

ఫైనల్స్ మొదటి గేమ్‌లో 0.3 సెకన్లు ఉండగా గెలుపు షాట్ కొట్టింది హాలిబర్టనే. ఇక అలాంటి టైమ్‌లో బాల్ నెంబార్డ్‌కా, పాస్కల్ సియాకమ్‌కా అన్నది కార్లైల్ తేల్చుకోవాలి.