టైరుకీ పుట్టినరోజు ఉంటుంది

"దీని పుట్టినరోజు ఎప్పుడమ్మా?" అన్నారు మావయ్యగారు, కారవాన్ పక్కన గొంతుకూర్చుని. ఏ పిల్ల గురించి అడుగుతున్నారో నాకు ఓ క్షణం అర్థం కాలేదు. ఆయన అడిగింది టైరు గురించి.

2025 ఈస్టర్ సెలవులకి మిల్డురా వెళ్ళి మెల్‌బోర్న్ తిరిగొస్తున్నాం. కాల్డర్ హైవే మీద ఊయెన్ దాటాక వెనక ఢామ్మని పేలింది. మా ఆయన గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా వేగం తగ్గించి పక్కకి ఆపారు. దిగి చూస్తే ఎడమ పక్క వెనక టైరు పైపొర మొత్తం ఊడొచ్చి, కొరడాలా కొట్టి, వీల్ ఆర్చ్ చీల్చేసి, కింద నీళ్ళ పైపు తెంపేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పెద్ద లారీలు ఝుమ్మని పోతుంటే అత్తయ్యగారినీ, ఇద్దరు పిల్లల్నీ పట్టుకుని రోడ్డు పక్క మట్టిలో నిలబడ్డ ఆ గంటన్నర నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

"గ్రిప్ అంతా అలాగే ఉంది కదా నాన్నా, పోయిన నెలే చూశాను" అన్నారు మా ఆయన. నిజమే. ఇక్కడ చట్ట ప్రకారం కనీసం 1.5 మిల్లీమీటర్ల గ్రిప్ ఉండాలి. మా టైర్లకి ఆరు ఉంది.

మావయ్యగారు ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ డిపోలో పనిచేశారు. ఫోన్ టార్చి వేసి మిగిలిన టైరు పక్కగోడ మీద వేలు పెట్టి చూపించారు. కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో నాలుగు అంకెలు: 2215. అంటే 2015లో 22వ వారం. మేం రోడ్డు మీద నిలబడ్డ రోజుకి దానికి పదో ఏడు నడుస్తోంది. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా అదే వయసు.

"పోయింది గ్రిప్ కాదమ్మా, ఒళ్ళు" అన్నారు.

ఈ కారవాన్ మేం అంతకు ముందు ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఫ్రిజ్ చూశాం, ఏసీ చూశాం, మంచం కింద చెమ్మ ఉందేమో చూశాం. టైర్లు నల్లగా నిగనిగలాడుతుంటే కొత్తవే అనుకున్నాం. ఆ నిగనిగ పాలిష్‌ది.

కారు టైరు అరిగి చస్తుంది, కారవాన్ టైరు ముసలిదై చస్తుంది. ఏడాదిలో పది నెలలు ఒకే చోట, బరువు మోస్తూ, ఒక పక్కంతా ఎండకి నిలబడి ఉంటుంది. రబ్బరుని కాపాడే మైనం లాంటి పదార్థాలు టైరు తిరుగుతుంటేనే పైకి వచ్చి పూతలా పట్టుకుంటాయి. కదలని టైరుకి ఆ రక్ష ఉండదు. మిషెలిన్ లాంటి కంపెనీలు అయిదేళ్ళు వాడాక ఏటా ఒకసారి చూపించమనీ, గ్రిప్ ఎంతున్నా పదేళ్ళకి మార్చేయమనీ చెబుతాయి. బరువైన కారవాన్ అయితే ఆరేడేళ్ళకే మార్చేయడం మంచిదని ఇప్పుడు నా నమ్మకం.

సరే, ఇంటికొచ్చాం. చిరిగిన నేల, పైపు బాగుచేయించడానికి 1,400 డాలర్లయ్యాయి. అత్తయ్యగారి వాళ్ళ తిరుగు టిక్కెట్లు ఉన్నాయి. హోమ్ లోన్ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. టైర్లకి మిగిలింది 900. "నీ కూరగాయల బేరం తెలివి ఇక్కడ చూపించు" అని మా ఆయన ఆ పని నాకు అప్పజెప్పారు. ఎగతాళికే అన్నారనుకోండి, కానీ పని మాత్రం నిజంగా బేరం లాంటిదే. ఎక్కడ తగ్గొచ్చో, ఎక్కడ తగ్గకూడదో తెలిస్తే చాలు.

ముందు బరువు తెలుసుకోవాలి. కారవాన్ ముందు భాగంలోనో, తలుపు పక్కనో ఒక రేకు ఉంటుంది. దాని మీద ఏటీఎం అని రాసుంటుంది. డబ్బులిచ్చే మిషను కాదు, సామానంతా నింపాక కారవాన్ మొత్తం ఉండగల గరిష్ఠ బరువు అది. మాది 2,900 కిలోలు. టైరు సైజు, ఎంత బరువు మోయగలది ఉండాలి, గాలి ఎంత కొట్టాలి అన్నవి కూడా రేకు మీదే ఉంటాయి. మా దాని మీద 225/70 ఆర్ 15 సి, 112, గాలి 450 కిలోపాస్కల్స్ అని ఉంది. అంటే 65 పీఎస్ఐ.

రేకు మీద అంకె ఒకటి, మనం నింపే సామాను ఇంకొకటి. అందుకని ప్రయాణానికి వెళ్ళేటప్పుడు ఎలా నింపుతామో అలాగే నింపి, వే బ్రిడ్జికి తీసుకెళ్ళాం. మన ఊళ్ళో ఇసుక లారీలు తూచే కాటా లాంటిదే. మొత్తం 2,860 కిలోలు! గరిష్ఠానికి నలభై కిలోలే తక్కువ. రెండు నీళ్ళ ట్యాంకులే 190 కిలోలు. మిగతాది నా వైపే వేలు చూపించింది: వెట్ గ్రైండరు, సోనా మసూరి బస్తా, పచ్చడి జాడీలు, రెండు కుక్కర్లు.

అందులో 260 కిలోలు కారు కొక్కెం మీద పడుతుంది. చక్రాల మీద మిగిలింది 2,600. నాలుగుతో భాగిస్తే ఒక్కో టైరుకి 650 అనుకుంటాం, కానీ అక్కడే పొరపాటు. కాటా అతన్ని అడిగి, ఒక పక్క చక్రాలు మాత్రమే పైన ఉండేలా నిలబెట్టి మళ్ళీ తూపించాం. వంటగట్టు, ఫ్రిజ్, బియ్యం ఉన్న ఎడమ పక్క 1,380, కుడి పక్క 1,220. అంటే ఎడమ పక్క ఒక్కో టైరు 690 కిలోలు మోస్తోంది. పేలింది కూడా ఎడమ పక్కదే అని మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు టైరు మీద రాత చదువుదాం. సైజు తర్వాత వచ్చే అంకె లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, ఒక కోడ్. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 108 అంటే 1,000, 112 అంటే 1,120, 116 అంటే 1,250, 120 అంటే 1,400. దాని పక్కనున్న అక్షరం వేగానిది: ఎల్ అంటే గంటకి 120 కిలోమీటర్లు, ఎన్ అంటే 140, క్యూ అంటే 160.

కొన్నింటి మీద 112/110 అని రెండంకెలు ఉంటాయి. రెండో అంకె లారీ వెనక చక్రాల్లా ఒకే చోట రెండు టైర్లు అంటించి బిగించినప్పటిది. కారవాన్‌కి రెండు ఇరుసులున్నా ప్రతి చోటా ఒక్క టైరే కాబట్టి మనం చూడాల్సింది మొదటి అంకె.

నేను మూడు చోట్ల ధర అడిగాను. మొదటి షాపతను ఫోన్‌లో ఒక్క నిమిషంలో తేల్చేశాడు. అదే సైజు, 225/70 ఆర్ 15, ఒక్కోటి 135 డాలర్లు, అయిదు కలిపి 675. బిగించడం, బ్యాలెన్సింగ్, పాతవి పారేసే ఫీజు అన్నీ అందులోనే. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్టేసేముందు "లోడ్ ఇండెక్స్ ఎంత?" అని అడిగితే కాసేపు చప్పుడు లేదు. తర్వాత "100" అన్నాడు. సైజు అదే, చివర సి అన్న ఒక్క అక్షరం లేదు. అది మామూలు కారు టైరు. సి ఉన్నది వ్యాన్‌లకి, బరువులకి చేసింది. ఒకటి 800 కిలోలు మోస్తుంది, ఇంకొకటి 1,120.

"690కి 800 సరిపోతుంది కదా" అన్నారు మా ఆయన. కాగితం మీద సరిపోతుంది. కానీ నేను కనీసం ఇరవై శాతం ఎక్కువ ఉండాలని పెట్టుకున్నాను. 690కి ఇరవై శాతం కలిపితే 828. అక్కడే 800 ఓడిపోయింది. పైగా రేకు మీద చెప్పిన 65 పీఎస్ఐ గాలి ఆ కారు టైరు తట్టుకోదు. ఇంకో సంగతి మావయ్యగారు చెప్పారు. రెండిరుసుల బండి కారవాన్ పార్కులో మలుపు తిప్పినప్పుడు టైర్లు దొర్లవు, పక్కకి ఈడ్చుకుపోతాయి. ఆ ఈడ్పుకి గోడ గట్టిగా ఉన్న టైరే నిలుస్తుంది. ఒక టైరు గాలి పోతే దాని బరువంతా పక్కదాని మీద పడుతుంది. మా లెక్కలో అది 1,380 కిలోలు. ఆపేలోగా ఆ కాసేపూ కాయాల్సింది అదే. అందుకే ఒకటి పేలిన తర్వాత దాని పక్కదాన్ని ఇంక నమ్మకూడదు.

రెండో షాపులో పేరున్న బ్రాండు, సి టైరే, 265 డాలర్లు. అయిదుకి 1,325. మూడో షాపులో అంత పేరు లేని బ్రాండు, అదే 112, ఒక్కోటి 178, అయిదుకి 890.

"పేరున్నవే నాలుగు కొని, పాతదొకటి స్టెప్నీగా ఉంచుకుంటే?" అన్నది ఇంట్లో వచ్చిన ఆలోచన. నాలుగే 1,060 అవుతాయి, బడ్జెట్ దాటుతుంది. అదీగాక ఆ స్టెప్నీ కూడా పదేళ్ళదే, అది అవసరం పడేది ఏ ఊరూ లేని చోట. సెకండ్ హ్యాండ్ టైర్లు అసలు వద్దనుకున్నాను, వాటి చరిత్ర మనకెవరు చెబుతారు? మావయ్యగారిని రీట్రెడింగ్ గురించి అడిగాను. ఆర్టీసీకి సొంత రీట్రెడింగ్ షాపులే ఉన్నాయి కదా. ఆయన నవ్వారు. "అది ఒళ్ళు బావుండి గ్రిప్ అరిగిన టైరుకమ్మా. మన దానికి గ్రిప్ ఉంది, ఒళ్ళు లేదు. తలకిందుల జబ్బు."

అలా మూడో షాపు ఖాయమైంది. నేను తగ్గింది బ్రాండు పేరులో. కారవాన్ ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లకి మించి తిరగదు. అరవై వేల కిలోమీటర్లు వస్తుందన్న గ్యారంటీకి డబ్బు పోస్తే అది అరిగేలోపే వయసైపోతుంది. నేను తగ్గనిది లోడ్ ఇండెక్స్‌లో, పుట్టిన తేదీలో. కారు టైరుతో పోలిస్తే నాకు ఎక్కువైంది 215 డాలర్లు. కాల్డర్ హైవే మీద పేలిన టైరు మాకు పెట్టించిన ఖర్చు 1,400.

డబ్బు కట్టేముందే "ఆర్నెల్లకి మించి పాతవి తీసుకోను" అని చెప్పాను. బిగించే రోజు అయిదింటి మీదా నాలుగంకెలూ నేనే చదివాను. నాలుగు మంచివే వచ్చాయి, అయిదోది రెండేళ్ళ కిందటిది. స్టెప్నీకే కదా అన్నాడు. కాదన్నాను. మర్నాడు మార్చి ఇచ్చాడు, ఏమీ అనుకోలేదు కూడా. మనం అడగమనుకుంటారు కాబట్టి ఇస్తారు, అడిగితే మారుస్తారు. అంతే.

చక్రాలు ఎలాగూ విప్పారు కదా అని బేరింగులకి గ్రీజు పెట్టించాం. రిమ్ములు, వాల్వులు కూడా 65 పీఎస్ఐ తట్టుకునేవేనా అని అడిగాం. బిగించాక యాభై, వంద కిలోమీటర్ల మధ్య ఒకసారి ఆగి వీల్ నట్లు మళ్ళీ బిగించాలి. గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం ఎండలో ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకూడదు. తగ్గిన గాలే టైరుని వేడెక్కించి చంపుతుంది. ఆగిన ప్రతిచోటా నేను నాలుగు టైర్ల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే గాలి తగ్గిందో, బ్రేకో బేరింగో పట్టేసిందో అన్నమాట.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి ఒక మాట. అక్కడ ట్రైలర్లకి ఎస్‌టి అని మొదలయ్యే టైర్లు వేస్తారు. వాటి మీద వేగం అక్షరం లేకపోతే గంటకి 65 మైళ్ళు దాటించకూడదు. ఆ ఒక్కటీ తప్ప తూకం, లోడ్ ఇండెక్స్, పుట్టిన తేదీ అన్నీ ఇదే వరస.

వెట్ గ్రైండరు ఇంట్లోనే ఉండిపోయింది. సెప్టెంబరు సెలవులకి పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుని వెళ్ళాం. బియ్యం డబ్బా ఎడమ పక్క నుంచి కుడి పక్క అరలోకి మారింది. కాటా మీద రెండు పక్కలూ ఇప్పుడు దాదాపు సమానం.

ఈ కాలమ్ చదవడం అయ్యాక గరాజ్‌లోకి వెళ్ళండి. కారవాన్ లేకపోతే కారే ఉంటుందిగా. టైరు పక్కగోడ మీద ఆ గడి వెతకండి. ఈ పక్క నాలుగంకెలు కనపడకపోతే లోపలి పక్కన ఉంటాయి, కాస్త వంగి చూడాలి. స్టెప్నీది మాత్రం మర్చిపోకండి.