అత్తింటి హింస, పుట్టింటి ఆస్తి

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త భార్యను కొట్టడం ఏదో ఒక కారణం మీద సబబేనన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం ఉండగా, హిమాచల్ ప్రదేశ్‌లో వారు 15 శాతం లోపే. ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో పురుషుల కంటే స్త్రీలే ఈ మాట ఎక్కువగా అనడం మరింత కలవరపెట్టే విషయం. అయితే దీన్ని వారి అజ్ఞానంగా జమకట్టడం అన్యాయం. ఏ పరిస్థితులు వారిచేత ఆ జవాబు చెప్పిస్తున్నాయో చూడాలి.

లింగాధారిత హింస అంటే స్త్రీ అయినందువల్ల, లేదా స్త్రీపురుషులకు సమాజం కేటాయించిన పాత్రలను మీరినందువల్ల మనిషి మీద సాగే శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక హింస. సర్వే అడిగిన ఏడు కారణాల్లో అత్తమామల పట్ల అమర్యాదకూ, ఇంటినీ పిల్లలనూ నిర్లక్ష్యం చేయడానికీ ఎక్కువ ఆమోదం దొరికిందంటే, దెబ్బను నేరంగా గాక విధి తప్పినందుకు పడే శిక్షగా చూస్తున్నారన్నమాట. సర్దుకుపొమ్మనీ ఇంటి గుట్టు బయటపెట్టొద్దనీ ఆడపిల్లకు చెప్పే పెంపకం, కాపురం నిలబెట్టడమే న్యాయమనుకుని ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపే పెద్దమనుషుల పంచాయతీ ఈ దృష్టిని తరతరాలుగా కాపాడుతున్నాయి.

అలాగని ఇది మారనిదేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణం మీదికి కదిలినప్పుడు, అంతవరకు ఒక్కొక్క ఇంట్లో మౌనంగా భరించిన హింస ఊరుమ్మడి ఫిర్యాదుగా మారింది. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని సాధించింది. రెండేళ్లకే రెండోది సడలిపోయింది. చూపంతా సారా మీదే నిలవడంతో, తాగని భర్తకైనా కొట్టే హక్కు ఎక్కడిదన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

ఆ హక్కుకు అసలు దన్ను స్త్రీకి వేరే నీడ లేకపోవడమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే, కేంద్రం కంటే దాదాపు రెండు దశాబ్దాల ముందే, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అయినా కట్నాన్నో, పసుపుకుంకుమ కింద ఇచ్చిన కొద్దిపాటి భూమినో ఆమె వాటాగా లెక్కగట్టి, మిగిలిన హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకునే వాడుక ఆ చట్టాన్ని చాలా ఇళ్లలో కాగితానికే పరిమితం చేసింది. దీని మూల్యమేమిటో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనం చూపుతుంది: భూమిగానీ ఇల్లుగానీ లేని స్త్రీలలో 49 శాతం శారీరక హింసకు గురికాగా, రెండూ ఉన్నవారిలో ఆ వాటా 7 శాతమే.

2005 గృహహింస చట్టం భార్యకు భర్త ఇంట నివసించే హక్కునిచ్చింది. అయినా దేశంలో హింసకు గురైన స్త్రీలలో సాయం కోరేవారు సుమారు 14 శాతమే, వారిలోనూ ఎక్కువమంది వెళ్లేది ఠాణాకు కాదు, పుట్టింటికే. అందువల్ల హక్కు విడుదల పత్రం మీద సంతకం కోరే తండ్రులు, అన్నదమ్ములు తమకు తెలియకుండానే ఆమె తిరిగి వచ్చే దారిని మూసేస్తున్నారు.